అన్ని కష్టాలూ ఒకటి కావు

సంపాదకుల వారికి,

మీ పత్రిక విద్యార్థుల పేజీలో కష్టాలకు, ఒత్తిడికి సంబంధించిన ఇంగ్లీషు ఇడియమ్స్ (జాతీయాల) పట్టికను ఇటీవల ప్రచురించారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలు రాసేవారికి అది అక్కరకొచ్చేదే. అయితే ‘ఇన్ హాట్ వాటర్’, ‘ఆన్ టెంటర్‌హుక్స్’, ‘ఆన్ ఎ స్టికీ వికెట్’ అన్న మూడింటికీ ‘ఇబ్బందుల్లో ఉండడం’ అనే అర్థమే ఇచ్చి సరిపెట్టడం సబబుగా లేదు. తెలుగులో ‘ముళ్ల మీద కూర్చున్నట్టుంది’ అనవలసిన చోట ‘కుడితిలో పడ్డ ఎలుక’ అని ఎవరమూ అనం కదా!

ఇంగ్లండులో ఒకప్పుడు ఉన్నిబట్ట ఆరేటప్పుడు ముడుచుకుపోకుండా టెంటర్ అనే చట్రానికి కొక్కేలతో బిగలాగి తగిలించేవారు. ఫలితం ఏమవుతుందోనని క్షణమొక యుగంగా గడిపే వారికే ‘ఆన్ టెంటర్‌హుక్స్’ అన్న మాట చెల్లుతుంది. (దానిని ‘టెండర్‌హుక్స్’ అని రాసేవారు ఇంగ్లీషువాళ్లలోనూ ఉన్నారు.)

‘స్టికీ వికెట్’ సంగతి క్రికెట్ తెలిసిన మన పిల్లలకు ఇట్టే బోధపడుతుంది. పిచ్‌ను (ఇక్కడ వికెట్ అంటే అదే) కవర్లతో కప్పని రోజుల్లో, వాన వెలిసి ఎండ కాసినప్పుడు నేల జిగటగా మారి, బంతి ఒకసారి ఆగి వస్తే మరోసారి మీదికి లేచేది. 1950 డిసెంబరులో బ్రిస్బేన్‌లో జరిగిన యాషెస్ టెస్టులో, ప్రత్యర్థిని అదే పిచ్‌పై బ్యాటింగ్‌కు దింపాలన్న ఎత్తుగడతో ఇంగ్లండ్ తన తొలి ఇన్నింగ్స్‌ను 7 వికెట్లకు 68 పరుగుల వద్ద, ఆ వెంటనే ఆస్ట్రేలియా తన రెండో ఇన్నింగ్స్‌ను 7 వికెట్లకు కేవలం 32 పరుగుల వద్ద డిక్లేర్ చేశాయి (అంటే తమంతట తామే ముగించాయి). 193 పరుగుల లక్ష్యంతో దిగిన ఇంగ్లండ్, ఎనిమిదో స్థానంలో వచ్చిన లెన్ హటన్ 62 పరుగులతో అజేయంగా నిలిచినప్పటికీ, 122కే ఆలౌటైంది. అక్కడ బ్యాటర్ల తప్పు కంటే పరిస్థితుల ప్రాబల్యమే ఎక్కువ. లంచం తీసుకుంటూ దొరికిపోయిన అధికారి ‘హాట్ వాటర్’లో పడ్డాడంటే అతికినట్టుంటుంది, ‘స్టికీ వికెట్’ మీద ఉన్నాడంటే పాపం అతనికి కాలం కలిసిరాలేదని సానుభూతి చూపినట్టవుతుంది.

కాబట్టి రోజుకు ఇచ్చే ఇడియమ్స్ సంఖ్యను తగ్గించి అయినా, ప్రతిదానికీ దాని పుట్టుకను తెలిపే ఒక వాక్యాన్ని, ప్రయోగాన్ని చూపే మరో వాక్యాన్ని జోడించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
తెనాలి