ఆ బిట్టుకి జవాబు ‘బి’ కాదండీ

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ చదువుల పేజీలో వేసిన జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీలకి వాడే ప్రోగ్రామింగ్ భాష) బిట్లలో ఒకదానికి కీ తప్పు పడింది. మూడు పేర్లున్న అర్రేకి, అంటే లిస్టుకి, చివర్లో చేర్చే ‘పుష్’ అనే ఫంక్షన్‌తో నాలుగోది చేరిస్తే ఆ పుష్ మనకి తిరిగిచ్చేది ఏమిటని ప్రశ్న. ‘బి, కొత్త అర్రే’ అన్నారు. కాదు. అర్రే లెంగ్త్, అంటే చేర్చాక అందులో మొత్తం ఎన్ని ఉన్నాయో ఆ అంకె ఇస్తుంది. ఇక్కడ 4.

అచ్చుతప్పేలే అని ఊరుకుందును. మర్నాడు ల్యాబ్‌లో మా డిగ్రీ పిల్లలు ఆ పేజీ తెచ్చి నా టేబుల్ మీద పరిచారు. “పేపర్లో పడింది మేడమ్” అన్నారు. పదహారేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, అయినా అచ్చులో పడ్డ మాట ముందు నేనెంత?

వాళ్లలో ఒకమ్మాయి నాన్నగారి టిఫిన్ సెంటర్‌కి ఆర్డర్లు రాసుకునే చిన్న పేజీ చేస్తోంది. లిస్టులో ఇడ్లీ, పూరీ ఉన్నాయి. మీ కీ నమ్మి ‘ఆర్డర్స్ = ఆర్డర్స్.పుష్("పెసరట్టు")’ అని రాసింది. పెసరట్టు చేరింది నిజమే, కానీ పుష్ ఇచ్చిన 3ని తీసుకెళ్లి ఆర్డర్స్‌లోనే పెట్టేసరికి మొత్తం లిస్టే పోయింది. ఆ తర్వాత ఉప్మా చేర్చబోతే బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రగా ‘ఆర్డర్స్.పుష్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అని వచ్చింది. అంకెకి పుష్ ఎక్కడిది మరి! పిల్ల గంటసేపు స్పెల్లింగులు వెతుక్కుంది పాపం. చివరికి ముందున్న ‘ఆర్డర్స్ =’ కొట్టేస్తే ఉప్మా కూడా లిస్టులోకి వచ్చింది.

మీ బిట్లు రాసేవారు కాన్‌క్యాట్ అనే ఇంకో ఫంక్షన్‌తో పొరబడి ఉంటారు. కొత్త అర్రే ఇచ్చేది అదే. పాతదాన్ని ముట్టుకోదు కాబట్టి అక్కడ మాత్రం ‘ఆర్డర్స్ =’ పెట్టి తీరాలి, లేకపోతే చేర్చిన పెసరట్టు ఎటుపోయిందో తెలీదు. మొదట్లో చేర్చే అన్‌షిఫ్ట్ కూడా పుష్ లాగే లెంగ్త్ ఇస్తుంది. ఈ తేడా రెండో యూనిట్ పరీక్షలో ఎలాగూ అడుగుతాను, అది వేరే సంగతి.

వేసేముందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి ఆ కన్సోల్‌లో ఒక్క లైను కొట్టి చూస్తే సరిపోయేది. సవరణ అదే పేజీలో, అంతే అక్షరాల్లో వేయండి. మూలన చిన్నగా వేస్తే మా వాళ్ల కంటపడదు. కటింగ్ ల్యాబ్ తలుపుకి అంటిస్తాను.

– ఒక కంప్యూటర్స్ లెక్చరర్, తణుకు