గూడెం బడిలో ఒకటో తరగతి: తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో ఒక గూడెం బడిలో కొంతకాలం విద్యా వలంటీరుగా పనిచేశాను. గదులు, యూనిఫాంలు, మధ్యాహ్న భోజనంలో గుడ్లు, వీటి గురించి మీకు చాలామంది రాస్తుంటారు, అవీ కావాల్సినవే. నేను అడిగేది వేరు. ఒకటో తరగతి పిల్లలకు వాళ్ల భాష వచ్చిన మనిషి కావాలి.

ఆ గూడెంలో ఇంట్లోనూ చేలోనూ అందరూ మాట్లాడేది గోండీ. ఆరేళ్ల పిల్ల చెవిన తెలుగు పడిందంటే అది సంతకు వెళ్లినప్పుడో, ఎవరింట్లోనో టీవీ ఆడుతున్నప్పుడో. బడిలో "పుస్తకం తియ్యి" అంటే పక్కపిల్లను చూసి తీస్తుంది. పేరు అడిగితే చెబుతుంది, అంతవరకు ముందే నేర్పి ఉంటారు. చిన్న కూడిక అడిగితే మాత్రం తల దించుకుని నేల చూస్తుంది. నాకు గోండీ రాదు, అందుకని నాలుగో తరగతి అమ్మాయిని పిలిచి అడిగించేవాణ్ని. ఆ అమ్మాయి గోండీలో రెండు ముక్కలు అనగానే చిన్నది వేళ్లు మడిచి లెక్కపెట్టి ఠక్కున జవాబు చెప్పేసేది! లెక్క వచ్చు, అడిగింది ఏమిటో అర్థం కాలేదు, అంతే. కానీ రికార్డుల్లో ఆ పిల్ల పేరు పక్కన పడేది 'వెనుకబడింది' అనే. మరి ఆ నాలుగో తరగతి అమ్మాయి సంగతేంటి? ఏకోపాధ్యాయ బడి, ఐదు తరగతులూ ఒకే గదిలో, తన పాఠం పక్కన పెట్టి మా ఇద్దరి మధ్య మాటలు చేరవేస్తూ కూర్చునేది. ఇద్దరు పిల్లల చదువు అక్కడే పోయింది, అయినా మన లెక్కల్లో ఇద్దరికీ హాజరు పడుతుంది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదండీ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో ఉండి గోండు యువకులకే శిక్షణ ఇప్పించి టీచర్లను చేశారు, గోండీలో వాచకాలు రాయించారు. నిజాం కాలంలో, రోడ్డు కూడా సరిగా లేని ఊళ్లో అది జరిగింది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, కొలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు, పుస్తకాలు కూడా అచ్చయ్యాయి. నేను పనిచేసిన బడిలో వాటిలో ఒక్క పుస్తకం కూడా నాకు కనిపించలేదు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాష్ట్రాలు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది, విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు బోధన మాతృభాషలోనే ఉండాలంటోంది. ఆదిలాబాద్‌లోనే ఉర్దూ మీడియం బడులున్నాయి, మరాఠీ మీడియం బడులున్నాయి, ఉండాలి కూడా. అదే జిల్లాలో గోండు పిల్లకు కనీసం మొదటి రెండేళ్లయినా తన మాట వినిపించే బడి ఎందుకు ఉండకూడదు?

ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. సరే, కానీ పిల్లల భాష తెలియని టీచర్నే వెయ్యాలని ఆ తీర్పు ఎక్కడా అనలేదు కదా. నియామకాల్లో ఆ భాష వచ్చినవాళ్లకు వెయిటేజీ ఎలా ఇవ్వొచ్చో న్యాయశాఖను అడగండి. అది తేలేదాకా ఆగనక్కర్లేదు, ప్రతి గూడెంలో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు, వాళ్లను ఒకటి రెండు తరగతులకు భాషా సహాయకులుగా తీసుకుని, నెల నెలా ఆగకుండా జీతం ఇవ్వండి. ఈ చివరి మాట కావాలనే రాస్తున్నాను, జీతం ఆగితే ఎంత మంచివాళ్లయినా పత్తి ఏరడానికి వెళ్లిపోతారు, వాళ్లను తప్పుపట్టలేం.

ఇంగ్లీషు మీడియం వద్దనడం లేదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో వచ్చింది, గూడెం తల్లిదండ్రులకూ అదే కావాలి, వాళ్లకు ఆ హక్కుంది. కానీ ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకం పెద్దపల్లి పిల్లకు ఊతం, గోండు పిల్లకు రెండు పేజీలూ పరాయివే. ఇంగ్లీషు దాకా చేరాలన్నా ముందు ఎవరో ఒకరు ఆ పిల్లతో గోండీలో మాట్లాడాలి.

ఇంకో మాట. ఏజెన్సీ అనగానే గోండీ ఒక్కటే అనుకోవద్దు. కోలాం గూడెంలో మాట్లాడేది కొలామీ, అది వేరే భాష. భద్రాచలం వైపు కోయ, తండాల్లో లంబాడీ. కొన్ని బడుల్లో ఒకే బల్ల మీద రెండు మూడు భాషల పిల్లలు కూర్చుంటారు. అలాంటి చోట ఏం చేయాలో హైదరాబాద్‌లో కూర్చుని తేల్చలేం, అక్కడి టీచర్లనే అడగాలి.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఒక్క పని చేయించండి. ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో ఒకటో తరగతిలో చేరే ప్రతి పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఆ బడి టీచరుకు ఆ భాష వచ్చో రాదో రాయించి, ఆ జాబితాను బడివారీగా అందరికీ కనిపించేలా పెట్టండి. సహాయకుల నియామకం ఆ జాబితాలో 'రాదు' అని ఉన్న బడులతో మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక మాజీ విద్యా వలంటీరు