ఏసీ ఆన్ కాకపోతే కంప్రెసరే పోయినట్టా?

సంపాదకులకు నమస్కారం.

మే రెండో వారంలో మా ఆవిడకు శుక్లం ఆపరేషన్ తర్వాతి చెకప్ కోసం కొత్తగూడెం నుంచి ఖమ్మం బయల్దేరాం. జూలూరుపాడు దాటగానే కారు ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. బటన్ మీద లైటు వెలుగుతోంది, బ్లోయర్ తిరుగుతోంది, చల్లదనం మాత్రం లేదు. ఆపి మళ్లీ నొక్కాను, ఇంజిను ఆపి స్టార్ట్ చేశాను, ఏం లాభం లేదు. కంట్లో దుమ్ము పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు కాబట్టి అద్దాలు దించే వీలు లేదు. ఏన్కూరు, తల్లాడ, వైరా అంతా అలాగే పోయాం. ఆమె తడి తువ్వాలు మెడకు చుట్టుకుని ఒక్క మాటా అనకుండా కూర్చుంది. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ టెన్షన్.

చెకప్ అయ్యాక ఒక షెడ్డుకు వెళ్లాం. అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తి, అర నిమిషం చూసి, "కంప్రెసర్ పోయింది సార్. 26 వేలు అవుతుంది, గ్యాస్ వేరే" అన్నాడు. కంప్రెసర్ అంటే ఏసీ గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు. "కంప్రెసర్‌కి కరెంటు వస్తోందా బాబూ?" అని అడిగాను. వాడు నన్ను వింతగా చూసి, "ఈ మోడల్‌కి అదే ప్రాబ్లం సార్, అందరికీ మారుస్తున్నాం" అన్నాడు. చీకటి పడ్డాక ఇంటికి బయల్దేరాం.

నేను సింగరేణిలో 31 ఏళ్లు భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. బొగ్గు తొట్లను లాగే హాలేజీ మోటారు ఆగిందని ఫోనొస్తే, మోటారు కాలిందని ఎవరం అనేవాళ్లం కాదు. ముందు గేట్ ఎండ్ బాక్స్ (గనిలో మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్ పెట్టె) దాకా సప్లై వచ్చిందా, అక్కడి నుంచి కేబుల్ బాగుందా అని చూసేవాళ్లం. మోటారు వంతు చివర్లో వచ్చేది. కారు ఏసీకి మాత్రం వేరే న్యాయం ఎందుకు ఉండాలి?

మర్నాడు పొద్దున ఆరింటికి వేపచెట్టు కింద మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. ఇంజిను స్టార్ట్ చేయించి, బెల్టుకు దూరంగా నిలబడి, ఏసీ నొక్కమన్నాను. నొక్కగానే ముందున్న కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాను తిరిగింది. ఫ్యూజు పెట్టెలో రిలే, అంటే కంప్రెసర్‌కి కరెంటు కలిపే స్విచ్, కూడా సన్నగా టిక్కుమంది. కానీ కంప్రెసర్ దగ్గర రావాల్సిన 'టక్' రాలేదు. పుల్లీ తిరుగుతోంది, దానికి అతుక్కుని కంప్రెసర్‌ను తిప్పాల్సిన క్లచ్ ప్లేటు మాత్రం కదలడం లేదు.

సగం జవాబు ఇక్కడే ఉంది. గ్యాస్ బాగా తగ్గిపోతే ప్రెషర్ స్విచ్ అడ్డుపడి రిలేకి ఆర్డరే పోనివ్వదు. నూనె కూడా గ్యాస్‌తోనే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ లేకుండా కంప్రెసర్ తిరిగి పాడైపోకుండా ఆ ఏర్పాటు. నా బండిలో ఆర్డరు వచ్చింది, అంటే గ్యాస్ అడుగంటలేదు. 10 ఆంపియర్ల ఫ్యూజు బాగానే ఉంది. రిలే టిక్కుమన్నా లోపలి కాంటాక్టులు మాడి ఉండొచ్చని, అదే సైజు హారన్ రిలే తీసి పెట్టి చూశాను. తేడా లేదు. రిలే అవుట్‌పుట్ దగ్గర 12 వోల్టుల పైనే వస్తోంది. క్లచ్ కనెక్టరు దగ్గర సున్నా. ఇంజిను ఆపి క్లచ్ కాయిల్ కొలిస్తే 3.6 ఓమ్‌లు చూపించింది. కాయిల్ నిక్షేపంలా ఉంది. ఇక మిగిలింది మధ్యలో వైరు.

వైరు వెంట చెయ్యి పోనిస్తే బ్యాటరీ ట్రే కింద దొరికింది దొంగ. వేరుశనగ తొక్కలు, బానెట్ లోపలి అట్ట పీచు, నాలుగు వేపకాయలు పేర్చుకుని ఎలుక గూడు కట్టింది. దాని పక్కనే వైరు అంగుళం మేర కొరికేసి, రాగి పచ్చబట్టి, చివరికి తెగిపోయి ఉంది. ముక్క కలిపి, సోల్డర్ పెట్టి, స్లీవ్ తొడిగాను. ఏసీ నొక్కితే 'టక్' మంది. మా ఆవిడ వంటింట్లోంచే "వచ్చిందా?" అంది. ఖర్చు స్లీవుకు 20 రూపాయలు.

అన్ని బండ్లకూ ఇదే రోగమని నేననడం లేదు. ఈ మధ్య వస్తున్న కొన్ని కార్ల కంప్రెసర్లకు ఈ క్లచ్ ఉండదు, 'టక్' కోసం చెవి రిక్కించి లాభం లేదు. బ్లోయర్ నాలుగో నంబరులో మాత్రమే తిరుగుతుంటే దాని రెసిస్టర్ పోయి ఉండొచ్చు. చాలాసార్లు నిజంగానే గ్యాస్ లీకవుతుంది. కానీ అక్కడా అదే తంతు. గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. ఏళ్ల మీద కొంచెం జారుతుంది తప్ప, ప్రతి మార్చిలో నింపాల్సి వస్తే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. మా వైపు బొగ్గు లారీల వెనక పోయేవాళ్లకు రాళ్లు తగిలేది ముందున్న కండెన్సర్‌కే. ఆ చిల్లు వెతక్కుండా మళ్లీ నింపితే అదంతా గాలిలోకే. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ కిలో గాల్లో కలిస్తే వెయ్యి కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. ఈ రకం గ్యాసులు తగ్గిస్తామని 2021లో కిగాలీ సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందానికి మన దేశం ఒప్పుకుంది కూడా.

అయితే తప్పంతా షెడ్డు వాళ్ల మీద తోసేయడం నాకిష్టం లేదు. మీటరు పెట్టి గంటసేపు వెతికి, "వైరు తెగింది సార్, 600 ఇవ్వండి" అంటే మనలో ఎంతమంది కిమ్మనకుండా ఇస్తాం? "వైరు ముక్కకి ఆరొందలా?" అని గొడవ పెట్టుకుంటాం. అదే కొత్త పార్టు పెట్టెలోంచి తీసి చూపిస్తే 26 వేలు లెక్కపెట్టి ఇస్తాం. వెతికినందుకు కూలి రానప్పుడు వాళ్లు పార్టులే అమ్ముతారు. అందుకే నా మనవి: ప్రతి షెడ్డులో 'ఏసీ చెకింగ్ ఇంత' అని రేటు బోర్డు మీద రాయాలి. పార్టు మార్చాలంటే ఏం కొలిచారో, ఎంత వచ్చిందో ఎస్టిమేట్ కాగితం మీద రాసివ్వాలి. పాత పార్టు మన చేతికివ్వాలి. మోసం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. రవాణా శాఖ వారు, ఐటీఐ ప్రిన్సిపాళ్లు ఈ ఉత్తరం చూస్తే, పిల్లలకు స్పానర్‌తో పాటు మల్టీమీటర్ పట్టుకోవడం కూడా నేర్పించండి.

ఎలుక ఇంకా దొరకలేదు. నాఫ్తలీన్ ఉండలు పెట్టి చూశాను, వాటినీ పక్కకు నెట్టి పడుకుంటోంది. ప్రస్తుతానికి రాత్రిళ్లు బానెట్ ఎత్తే ఉంచుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గని ఎలక్ట్రీషియన్,
రుద్రంపూర్, కొత్తగూడెం.