నాట్య ప్రదర్శనల ఫొటోలలో కనిపించిన చారల గురించి మా వివరణ

మా స్టూడియోను నమ్మి ఫొటోలు తీయించుకుంటున్న మీ అందరికీ నమస్కారం. గడిచిన కొన్ని నెలల్లో మేము తీసిన నాట్య ప్రదర్శనల ఫొటోలు చూసి మీలో కొందరు ఒకే అభ్యంతరం చెప్పారు. ముఖం స్పష్టంగానే ఉన్నా చేతులకూ దుస్తులకూ ముందువైపు మసక చారలు పడ్డాయనీ, ముందుకు దూకుతున్న అమ్మాయిని ఎవరో వెనక్కి లాగినట్టు ఉందనీ అన్నారు. ఆ మాట నిజం, తప్పు పూర్తిగా మాది.

మసక వెలుతురులో కదిలే మనిషిని తీసేటప్పుడు మేము ఫ్లాష్ వాడుతూనే షట్టర్ స్పీడ్‌ను కావాలని 1/8 లేదా 1/15 సెకనుకు తగ్గిస్తాము, అంటే కెమెరాలోకి వెలుతురును రానిచ్చే తెర (షట్టర్) అంతసేపు తెరిచి ఉంటుంది. అప్పుడు ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు పడతాయి. ఫ్లాష్ మెరుపు అతి స్వల్పం. చిన్న ఫ్లాష్‌ను పదహారో వంతు శక్తితో వెలిగిస్తే అది సుమారు 1/10,000 సెకను మాత్రమే ఉంటుంది కనుక, ఆ మెరుపులో పడిన బొమ్మ నాట్యంలోని ఎంత వేగపు కదలికనైనా నిలిపివేస్తుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ వేదిక దీపాల వెలుతురులో పడే రెండో బొమ్మ మాత్రం కదలిక వెంట సాగి చారగా మారుతుంది. అదే దృశ్యాన్ని 1/200 సెకను దగ్గర, మిగతావేవీ మార్చకుండా తీస్తే మనిషి మాత్రం తెల్లగా వెలిగి, వెనుక దీపాల రంగులన్నీ చీకటిలో కలిసిపోతాయి. అందుకే ఈ పద్ధతిని మేము వదులుకోదలచలేదు.

పొరపాటు ఫ్లాష్ వెలిగే క్షణంలో జరిగింది. కెమెరాలు మామూలుగా షట్టర్ తెరుచుకోగానే ఫ్లాష్‌ను వెలిగిస్తాయి. అప్పుడు స్పష్టమైన బొమ్మ ముందే పడిపోయి, ఆ తరువాతి కదలికంతా మనిషికి ముందువైపు చారగా నమోదవుతుంది. రియర్ కర్టెన్ సింక్ అనే అమరిక పెడితే షట్టర్ మూసుకోబోయే ముందు ఫ్లాష్ వెలుగుతుంది కాబట్టి చార మనిషి వెనుక, పరుగెత్తేవారి వెంట రేగిన దుమ్ములా, సహజంగా కనిపిస్తుంది. మా పాత కెమెరా మరమ్మతుకు వెళ్లినప్పుడు తెచ్చుకున్న మరో కెమెరాలో ఈ అమరిక పెట్టలేదు. దాని చిన్న తెర మీద ముఖం పదునుగా ఉందో లేదో చూసుకుని తృప్తిపడ్డామే గాని, చార ఏ వైపు పడిందో గమనించలేదు.

కొన్ని ఫొటోలలో చేతుల గుండా వెనుక గోడ కనిపించడానికి కారణం వేరు. వెనుక తెల్లని గోడ మీద బాగా వెలుతురు పడుతుంటే, చెయ్యి పక్కకు జరిగిన మరుక్షణం ఆ వెలుతురు ఖాళీ అయిన చోటును నింపేస్తుంది. దీనికి రియర్ కర్టెన్ సింక్ మందు కాదు. వెనుక వైపు చీకటిగా ఉండేలా మేము నిలబడే చోటునే మార్చుకోవాలి. ఆ జాగ్రత్త కూడా మేము తీసుకోలేదు.

చారలు తప్పుగా పడిన ఫొటోలను కంప్యూటర్‌లో దిద్ది చూశాము గాని, చార చెరిపిన చోట చెయ్యి మైనపు బొమ్మ చెయ్యిలా తయారైంది. అలాంటివి మీకు ఇవ్వడం మాకు ఇష్టం లేదు. ఆ ప్రదర్శనల వారికి ఉచితంగా మళ్లీ తీసి ఇస్తాము, అది వీలుకాకపోతే తీసుకున్న డబ్బు తిరిగి ఇస్తాము. ఇకపై ప్రతి ప్రదర్శనలోనూ సగం ఫొటోలను చారలేవీ రాకుండా, ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులోనూ బొమ్మ వెలుగుగా వచ్చేలా చేసే కెమెరా అమరిక) పెంచి వేగమైన షట్టర్‌తో తీస్తాము. చారలు అసలే వద్దనుకునేవారు ముందుగా చెబితే మొత్తం అలాగే తీస్తాము.

రియర్ కర్టెన్ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉందని కూడా చెప్పాలి. మేము బటన్ నొక్కినప్పుడు చూసిన ముఖకవళిక వేరు, షట్టర్ మూసుకునే వేళ ఫ్లాష్ పట్టుకునేది వేరు. అందుకే ఒకే భంగిమను నాలుగైదు సార్లు తీయవలసి వస్తుంది. పైగా ఫ్లాష్‌ను ఆటోమేటిక్‌గా వాడినప్పుడు వెలుతురును కొలవడానికి అది ముందుగా ఒకసారి సన్నగా మెరుస్తుంది. ఈ మధ్య ఒక చిన్న పాప ఆ మొదటి మెరుపు చూడగానే ఫొటో అయిపోయిందనుకుని, గిరగిరా తిరుగుతున్నది కాస్తా ఆగి మా వైపు చూసింది. అసలు మెరుపు ఆ తరువాత వచ్చింది. అందుకని ఫ్లాష్ శక్తిని ఇప్పుడు మేమే చేత్తో అమరుస్తున్నాము, ఆ ముందు మెరుపు ఇక రాదు. అయినా, ఎన్ని మెరుపులు కనిపించినా ఆట ఆపవద్దని మీ పిల్లలకు ఒక మాట చెప్పి పంపండి.