ఈ ఏడాది ఆవకాయ 200 కిలోలే పెడుతున్నాం

అందరికీ నమస్కారం. ఏటా ఈపాటికి ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యాయని మెసేజ్ పెట్టేదాన్ని. ఈసారి ఆలస్యమైంది. ఫోన్ ఎత్తడం లేదేమని, పార్శిల్ ఇంకా రాలేదేమని చాలామంది అడిగారు. ఇన్నాళ్లూ "ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉందండీ" అని ఊరుకున్నాను. డబ్బు కట్టి ఎదురుచూసినవాళ్లకు ఆ మాట సరిపోదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా బాబుకి నాలుగేళ్లు. పోయిన నవంబరులో వాడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అంటారు, పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మొదట కాళ్లు నొప్పులన్నాడు. ఎక్కువ పరిగెత్తాడేమో అనుకున్నాం. తర్వాత జ్వరం వదల్లేదు, మొహం పాలిపోయింది, దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు. రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 18 వేలు. లక్షన్నరకి పైన ఉండాలట. ఆ రాత్రే తెనాలి నుంచి హైదరాబాద్ బయల్దేరాం. అప్పటినుంచి నేనూ వాడూ ఆసుపత్రి దగ్గర ఒక చిన్న గదిలో ఉంటున్నాం. ఆయన తెనాలికీ ఇక్కడికీ తిరుగుతున్నారు. పెద్దది మా అత్తయ్య దగ్గరుండి నాలుగో తరగతి చదువుకుంటోంది.

"నయమయ్యే జబ్బే, కానీ వైద్యం మధ్యలో మానకూడదు" అన్నారు డాక్టరుగారు. మొత్తం రెండేళ్ల పైమాటే. మొదటి నెల ఇండక్షన్, అంటే క్యాన్సర్ కణాలను వీలైనంత తగ్గించే తొలి విడత. వెన్నులోకి ఇంజెక్షన్, వారానికోసారి విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు, రోజూ స్టెరాయిడ్లు. మధ్యలో ఒక ఎర్ర మందు ఎక్కిస్తారు. గొట్టంలో ఆ ఎర్రటి చుక్కలు దిగుతుంటే "అమ్మా, ఇది కారమా?" అని అడిగాడు. పచ్చళ్ల ఇంట్లో పుట్టిన పిల్లాడు కదా. మండదు నాన్నా అని చెప్పి, వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

స్టెరాయిడ్ల ఆకలి సంగతి అనుభవించిన తల్లులకే తెలుస్తుంది. రాత్రి రెండింటికి లేచి ముద్దపప్పు అన్నం అడిగేవాడు. అది తింటూనే తర్వాత ఏం పెడతావో చెప్పమనేవాడు. బీపీ పెరుగుతుందని ఉప్పు తగ్గించమన్నారు. పచ్చడి అసలే వద్దన్నారు. ఆవకాయ ముక్క కడిగి పెడితే చప్పరించే పిల్లాడికి చప్పిడి పప్పు తినిపించాను. బుగ్గలు ఉబ్బి మొహమే మారిపోయింది. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. మందు ఆపాక రెండు వారాలకి మళ్లీ మా చిన్నోడు కనిపించాడు.

మాకు అన్నిటికన్నా టెన్షన్ జ్వరం. తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు 100.4 దాటితే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. గుమ్మం పక్కనే సంచి సర్ది ఉంచుతాను. ఇప్పటికి మూడుసార్లు ఆ సంచి పట్టుకుని పరిగెత్తాం. మీలో కొందరి ఫోన్లు మధ్యలోనే కట్ చేసింది ఆ రోజుల్లోనే.

ఫిబ్రవరిలో పెద్దదాని క్లాసులో ఒకరికి ఆటలమ్మ పోసింది. తమ్ముడికి సోకితే ప్రాణం మీదికొస్తుంది, 21 రోజులు దూరంగా ఉంచమన్నారు. చూడ్డానికి రావాల్సిన పిల్ల ఆగిపోయింది. క్యాలెండరులో రోజుకొక గీత కొట్టి, వీడియో కాల్‌లో నాకు చూపించేది. దానికి ఏ జబ్బూ లేదు. అయినా ఈ ఆరు నెలల్లో అది పోగొట్టుకున్నది తక్కువేం కాదు.

ఇక గోంగూర విషయం. ఫిబ్రవరిలో పంపిన గోంగూర పచ్చడి 38 సీసాల్లో కొన్నిటికి పైన బూజు వచ్చింది. తప్పు మాదే. నేను ఆసుపత్రి నుంచి ఫోన్‌లో కొలతలు చెప్పాను. కడిగిన ఆకు తడి పూర్తిగా ఆరిందో లేదో చూసే మనిషి అక్కడ లేదు. సీసాలో పైకి తేలాల్సినంత నూనె కూడా పోయలేదు. ఫోన్ చేసినవాళ్లకు డబ్బు తిరిగిచ్చాం. చెప్పకుండా ఊరుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, వాళ్లకీ ఇస్తాం. మిగిలిన సీసా ఎవరి దగ్గరున్నా తినకండి, పారేయండి.

పచ్చళ్ల పని ఇంట్లోంచి తీసేశాం. బాబు ఇంటికొచ్చినప్పుడు కారం ఘాటు, బూజు వాడి దగ్గరికి చేరకూడదు. రెండు వీధుల అవతల గది అద్దెకు తీసుకున్నాం. అక్కడ పని చేసొచ్చినవాళ్లు స్నానం చేశాకే వాడిని ఎత్తుకుంటారు.

పోయినేడు 600 కిలోల ఆవకాయ పెట్టాం. ఈసారి 200 కిలోలే. కారణం చెప్పాలి. మేలో ముక్కలు కొట్టే రోజులకే బాబుకి వైద్యంలో ఇంకో గట్టి విడత పడుతోంది. మళ్లీ స్టెరాయిడ్లు, మళ్లీ ఎర్ర మందు. నేను తెనాలి రాలేను. మా ఆడపడుచు దగ్గరుండి కలుపుతుంది. నాకంటే ముందు మా అత్తయ్య దగ్గర నేర్చుకున్న చెయ్యి అది, రుచి గురించి నాకు బెంగ లేదు. ఎంత పెడితే ఆవిడ స్వయంగా చూసుకోగలదో అంతే పెడుతున్నాం. మాగాయ ఉంటుంది. గోంగూర, పండుమిరప ఈ ఏడాది లేవు. విదేశాలకు పార్శిళ్లు కూడా లేవు. అడ్వాన్స్ కట్టినవాళ్లు వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, ఎందుకని అడగను.

డబ్బు పంపిస్తామని కొందరన్నారు. మీ మనసుకి దణ్ణం. మా ఊళ్లో అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచే కార్డు మీద వైద్యం చాలావరకు జరుగుతోంది. గది అద్దె, ప్రయాణాలు ఈ వ్యాపారం మీదే నెట్టుకొస్తున్నాం. మీరు పచ్చడి కొంటే చాలు.

ఆకు రసాలు, కషాయాలు మాత్రం పంపకండి. మొన్న ఒకావిడ బిళ్లగన్నేరు ఆకు నూరి పట్టమన్నారు. వాడికి ఎక్కించే విన్‌క్రిస్టీన్ ఆ మొక్క నుంచి వచ్చిందే, నిజమే. కానీ అది పిల్లాడి కొలతకు తగ్గట్టు లెక్కగట్టి ఇచ్చే మందు. ఆకు నమిలితే విషం.

చేయగలిగినవాళ్లు ప్లేట్‌లెట్లు ఇవ్వండి. డిసెంబరులో నేను గ్రూపులో అడిగితే మీలో పదకొండు మంది వచ్చారు. ఒకాయన గంటన్నర సూదితో పడుకుని, లేస్తూ "నాలుగేళ్లుగా మీ మాగాయ తింటున్నామమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవుండవు, ముందే తీసి దాచలేరు. మా బాబుకే ఇవ్వాలని లేదు. మీ ఊళ్లో క్యాన్సర్ పిల్లలున్న ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో పేరు, నంబరు రాయించండి.

మంగళవారం బాబుకి రక్తకణాల కౌంట్లు చూస్తారు. బాగుంటే ఆ రోజే కొత్త విడత మొదలు. ఆ వారమంతా ఫోన్ మా ఆడపడుచు ఎత్తుతుంది, ఆర్డర్లు ఆవిడకే చెప్పండి.