మెడ సంగతి అడిగి, కాగితం మీద పెట్టిన డాక్టరమ్మకు

నిన్న మధ్యాహ్నం మా తమ్ముడు నోటితో రసం అన్నం తిన్నాడు. పన్నెండు రోజుల తర్వాత ముక్కు గొట్టం తీసేశారు. ఇప్పటికి నా చేతులు ఆడుతున్నాయి, అందుకే రాస్తున్నా.

వాడికి 34 ఏళ్లు. కావలిలో టిప్పర్ తోలతాడు. బీపీ, షుగర్ లేవు. వారంగా మెడ పట్టేసిందని, సెలూన్‌లో గడ్డం చేయించుకున్నాక మెడ కూడా విరిపించుకున్నాడు. హాయిగా ఉందన్నాడు. రాత్రికి కళ్లు తిరగడం, వాంతులు, ఆగని వెక్కిళ్లు. మేం గ్యాస్ అనుకున్నాం. నడవబోయి కుడి పక్కకి ఒరిగిపోతుంటే పక్కింటి మామ 108కి ఫోన్ చేశాడు. మామా, నువ్వు లేకపోతే తెల్లారేదాకా సోడా తాగిస్తూ కూర్చునేవాళ్లం.

నెల్లూరులో నైట్ డ్యూటీ డాక్టరమ్మ చల్లటి నీళ్ల బాటిల్ వాడి ఎడమ చేతికి ఆనించింది. ఏమీ తెలీలేదన్నాడు. కుడి చేతికి పెడితే "చల్లగా ఉంది మేడం" అన్నాడు. వెంటనే అడిగింది, "ఈ మధ్య ఎవరన్నా మెడ తిప్పారా?" అని. అది చెప్పాలని మాకు తట్టనే లేదు. మెడ వెనకనుంచి మెదడుకు పోయే రక్తనాళం లోపలి పొర చీలిందని, దాంతోనే పక్షవాతం వచ్చిందని స్కాన్‌లో తేలింది.

ఏ రోజు తిప్పారు, ఎన్ని గంటలకు కళ్లు తిరిగాయి, అన్నీ కేసు షీట్‌లో రాసింది. "దానివల్లే అని నేను తేల్చలేను. ముందే చీలిక మొదలై, ఆ నొప్పికే మీవాడు అక్కడికి వెళ్లి ఉండొచ్చు. జరిగింది మాత్రం రాస్తా" అంది. ఆ మాటకు చేతులెత్తి దండం పెడుతున్నా తల్లీ.

మందు పడకపోతే తెలపడానికి మన దేశంలో 2010 నుంచి ఏర్పాటు ఉంది, ఫారం ఉంది. అది మందులకే. మెడ సంగతి ఎవరూ రాయకపోతే మావాడిది ఉత్త పక్షవాతం కేసు. బ్రిటన్‌లో నరాల డాక్టర్లను కదిలిస్తే, మెడ తిప్పించుకున్న 24 గంటల్లోపు ఇబ్బంది పడ్డవాళ్లు 35 మంది దాకా బయటపడ్డారని 2001లో ఒక పత్రికలో వచ్చింది. ఆ కేసుల్లో ఒక్కటీ అంతకుముందు ఎక్కడా అచ్చుకాలేదు. అరుదే, కాదనను. ఎంత అరుదో చెప్పాలన్నా ముందు లెక్కలోకి ఎక్కాలి కదా.

మింగడం మళ్లీ నేర్పించిన సిస్టర్లకు, ఫిజియో అబ్బాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

మొన్న సెలూన్‌కి వెళ్లాను, గొడవకి కాదు, చెప్పడానికి. ఆయన కత్తెర పక్కన పెట్టేసి కూర్చుండిపోయాడు. "ఇన్నేళ్లుగా చేస్తున్నా, ఒక్కరూ వచ్చి ఇట్లా అయిందని చెప్పలేదన్నా" అన్నాడు. ఇక మెడ ముట్టుకోనని మాటిచ్చాడు. ఆయనకీ కృతజ్ఞతలు.