గీత ఏ గోడ నుంచి?

సంపాదకులకు,

గోల్కొండ కోట గోడల లోపలే మా ఇల్లు. వానకి వంటింటి కప్పు కారుతోంది, రేకు మార్చాలన్నా అనుమతి తెచ్చుకోమన్నారు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. సరే, కోట బాగుండాలనే మాకూ ఉంది. కానీ ఆ కొలత ఏ గోడ నుంచి మొదలవుతుందో మా గల్లీలో చెప్పే నాథుడు లేడు. 2019లో నగరంలోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చాలనుకున్నది సాక్షాత్తూ ప్రభుత్వం, హైకోర్టు ఆపింది. మా రేకు మీదే అందరి కన్ను! హద్దులు, నోటీసులు, కోర్టు వివాదాలు గల్లీల వారీగా ఒకే పటంలో గీసి, తెలుగు, ఉర్దూల్లో వార్డు ఆఫీసు గోడకు అంటించండి. అభ్యంతరాలకు నెల గడువివ్వండి.

– ఒక గృహిణి, గోల్కొండ, హైదరాబాద్